మత్తు అమ్మిన చేతులు: మలయా చరిత్ర చెప్పే చేదు నిజం

మాదకద్రవ్యాల గురించి మనకు దొరికే పుస్తకాలు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. మొదటివి వైద్యగ్రంథాలు. మత్తుపదార్థం మెదడును ఎలా లోబరచుకుంటుందో, కాలేయాన్ని ఎలా కబళిస్తుందో అవి వివరిస్తాయి. రెండోవి నీతిగ్రంథాలు. మనిషి ఎలా దిగజారాడో, ఇల్లు ఎలా గుల్లయిందో చెప్పి మనల్ని జాగ్రత్తపడమంటాయి. ఈ రెండింటిలోనూ కనిపించని పాత్ర ఒకటుంది. ఆ పదార్థాన్ని అమ్మినవాడు, వాడికి అనుమతిపత్రం ఇచ్చినవాడు, ఆ రుసుముతో రోడ్లు వేయించి కచేరీలు కట్టించినవాడు అక్కడ ఎక్కడా తారసపడరు. ఆ లోటును చరిత్రకారులు తీర్చాలి.

ఈ మధ్య అటువంటి పుస్తకాలు మూడింటిని వరుసగా చదివాను. 1990లో వెలువడిన కార్ల్ ట్రాకీ గ్రంథం ‘ఓపియమ్ అండ్ ఎంపైర్’ సింగపూర్‌లోని చైనీయ సమాజానికీ నల్లమందుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించింది. 1959లో వచ్చిన ‘ప్లేగ్ ఫైటర్’ పెనాంగ్‌లో పుట్టిన వైద్యుడు వూ లియెన్-తె ఆత్మకథ. 1969 నాటి కెర్నియల్ సింగ్ సంధు గ్రంథం ‘ఇండియన్స్ ఇన్ మలయా’ భారతీయ వలసల చరిత్ర. మూడింటి విషయాలు వేరు, రచయితల దృష్టి వేరు. అయినా పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. మలయాలో సుమారు 150 ఏళ్లపాటు మత్తు ప్రభుత్వానికి ప్రధానమైన రాబడి. దాన్ని సామాజిక రుగ్మతగా, ఆపైన నేరంగా చూడడం తరవాతి కాలపు మాట. మత్తుకు బానిసైన మనిషిని నిందించే ముందు ఈ సంగతి తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

నల్లమందు గుత్త

తెలుగులో ‘మందు’ అన్న మాటకు ఎన్ని అర్థాలో గమనించండి. జబ్బు నయం చేసేది మందు, తుపాకీలో దట్టించేది మందు, సాయంత్రం సీసాలోంచి గ్లాసులోకి వంపుకునేదీ మందే. అభినిని మన పెద్దలు నల్లమందు అన్నారు. మలయ్ భాషలోనూ ఇటువంటి విచిత్రమే ఉంది. నేడు చట్టాల్లో, గోడపత్రాల్లో నిషిద్ధ మాదకద్రవ్యాలను సూచించే ‘దాదా’ అన్న మాట పూర్వం నాటువైద్యుల మూలికలకు పేరు. వైద్యానికీ వ్యసనానికీ మధ్య గీత ఎంత సన్ననిదో ఈ రెండు భాషలకూ తెలుసు.

1786లో ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్ దీవిని ఈస్టిండియా కంపెనీ పక్షాన స్వాధీనం చేసుకున్నాడు. 1819లో రాఫిల్స్ సింగపూర్‌లో స్థావరం నెలకొల్పాడు. రెండూ స్వేచ్ఛా నౌకాశ్రయాలు. అక్కడ దిగే సరుకు మీద సుంకం ఉండదు. ఓడలు రావడానికి అదే ఆకర్షణ. భూమిశిస్తు కూడా చెప్పుకోదగ్గంత లేదు. మరి రక్షకభటుల జీతాలు, న్యాయస్థానాల ఖర్చులు ఎక్కడినుంచి రావాలి? ఈ ప్రశ్నకు కంపెనీ అధికారులు కనుగొన్న సమాధానం గుత్త. నల్లమందు, సారా, జూదం వంటి వ్యసనాల మీద గుత్తహక్కును వేలం వేసి, ఎక్కువ పాడినవాడికి అప్పగించేవారు. సింగపూర్‌లో రాఫిల్స్ అభ్యంతరాన్ని కాదని ఫర్కర్ 1820లోనే ఈ గుత్తలు మొదలుపెట్టాడు. మన ఆబ్కారీ పాటలు తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

సరుకు మాత్రం మన దేశానిదే. గంగా మైదానంలో రైతులచేత కంపెనీ సాగు చేయించిన నల్లమందును పాట్నా, బెనారస్ పేర్లతో పెట్టెల్లోకి ఎత్తి కలకత్తాలో వేలం వేసేవారు. అందులో ఎక్కువ భాగం చైనాకు పోయేది. దారిలో కొంత మలయా తీరంలో దిగేది. గుత్తదారు ఆ ముడిసరుకును నీటిలో కాచి, వడగట్టి, పొగతాగడానికి అనువైన ‘చందూ’గా మార్చి దుకాణాల్లో అమ్మించేవాడు. కొనేవారు ముఖ్యంగా తగరపు గనుల్లోనూ, మిరియం, గాంబియర్ తోటల్లోనూ పనిచేసే చైనీయ కూలీలు.

వారు ఎందుకు తాగేవారు? ఈ ప్రశ్నకు నీతిగ్రంథం చెప్పే జవాబు బలహీనత. వైద్యుడి జవాబు వేరు. మోకాలిలోతు నీటిలో రోజంతా నిలబడి తగరపు మట్టిని తవ్వే మనిషికి మలేరియా, రక్తవిరేచనాలు, దగ్గు, ఒళ్లునొప్పులు నిత్యం తోడుంటాయి. నల్లమందులోని మార్ఫిన్ నొప్పిని చంపుతుంది, విరేచనాలను కడుతుంది, దగ్గును అణచుతుంది. వేల మైళ్ల దూరాన వదిలివచ్చిన ఇంటి బెంగను కూడా కాసేపు మరపిస్తుంది. అడవి మధ్య, వైద్యుడు లేని చోట, చేతికందే ఒకే ఒక మందు అది. కొన్ని వారాలు క్రమంగా తీసుకుంటే శరీరం దానికి అలవాటుపడుతుంది. అదే ఫలితానికి మోతాదు పెంచాలి. మానేస్తే ముక్కు కారడం, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు, నిద్రలేమి, ఎముకలు విరిచినట్టుండే బాధ ఒకటొకటిగా మొదలవుతాయి. ఆ స్థితిలో మరునాడు గనిలో దిగడం అసాధ్యం. కనుక కూలీ నల్లమందు కోసం పనిచేసేవాడు, పనిచేయడానికి నల్లమందు తాగేవాడు.

ట్రాకీ పుస్తకంలోని ముఖ్యమైన వాదన ఇక్కడ మొదలవుతుంది. గుత్తదారులు చాలామంది గనులకూ తోటలకూ పెట్టుబడి పెట్టినవారే. కూలీకి ఒక చేత్తో ఇచ్చిన జీతం చందూ ధరగా రెండో చేతికి తిరిగివచ్చేది. చాలనిచోట అప్పు మిగిలేది, అప్పు తీరేవరకు కూలీ కదలడానికి వీలుండేది కాదు. గుత్తదారు చెల్లించే సొమ్ము ప్రభుత్వానికి చేరేది. 19వ శతాబ్దంలో జలసంధి స్థావరాల రాబడిలో సుమారు సగం నల్లమందు మీదనే వచ్చేది. ‘శాంతిభద్రతలు, సుపరిపాలన’ అని పాఠ్యపుస్తకాల్లో చదువుకునే వలసపాలనకు పునాదిరాళ్లు ఎక్కడివో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఒక ఔన్సు టింక్చర్

1879లో పెనాంగ్‌లో ఒక కంసాలి ఇంట పుట్టిన వూ లియెన్-తె, రాణి పేరిట ఇచ్చే విద్యార్థివేతనం గెలుచుకుని కేంబ్రిడ్జ్‌లో వైద్యం చదివాడు. 1903లో మలయాకు తిరిగివచ్చి, కొంతకాలానికి పెనాంగ్‌లో వైద్యం ప్రారంభించాడు. రోగుల్లో నల్లమందు బానిసలను చూసి ఊరుకోలేక వ్యతిరేకోద్యమంలో దిగాడు. 1906లో ఇపో నగరంలో జరిగిన నల్లమందు వ్యతిరేక మహాసభలో ఆయనది ప్రముఖపాత్ర. అప్పటికి ఆయన వయసు ముప్పయి కూడా నిండలేదు.

ఊరిలో పేరున్న ధనికుల ఆదాయాన్నీ, ప్రభుత్వపు ఆదాయాన్నీ ఒకేసారి ప్రశ్నించినవాడికి ఏం జరగాలో అదే జరిగింది. 1907లో అధికారులు ఆయన వైద్యశాలను సోదా చేశారు. ఒక ఔన్సు నల్లమందు టింక్చర్ దొరికింది. రోగుల చికిత్స కోసం కొని ఉంచుకున్న ఔషధమది. అర్హత గల వైద్యుడు ఔషధంగా దాచుకున్న ఆ ఒక్క ఔన్సు న్యాయస్థానం దృష్టిలో నేరమైంది. జరిమానా పడింది. అదే ఊళ్లో, అదే రోజుల్లో, ప్రభుత్వ అనుమతితో వీధివీధినా చందూ దుకాణాలు నడుస్తూనే ఉన్నాయి.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువసేపు ఆపిన ఘట్టం ఇదే. చట్టం ఒక పదార్థాన్ని ‘ప్రమాదకరం’ అన్నంతమాత్రాన దాని ఉద్దేశం ప్రజల ఆరోగ్యమేనని నమ్మడానికి లేదు. ఒక్కొక్కప్పుడు ఆ చట్టం గుత్తదారుడి వ్యాపారానికి కాపలా కాస్తుంది.

1908లో ఆయన చైనాకు వెళ్లిపోయాడు. 1910–11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు విజృంభించినప్పుడు గుడ్డ ముసుగులు, దిగ్బంధం, శవదహనం వంటి చర్యలతో దాన్ని అదుపు చేసి ప్రపంచఖ్యాతి పొందాడు. ముసుగు విలువ మొన్నటి కోవిడ్ కాలంలో మళ్లీ తెలిసివచ్చినప్పుడు చాలామంది ఆయన పేరు తలచుకున్నారు. తన ఊళ్లో నల్లమందును ఎదిరించి జరిమానా కట్టిన యువవైద్యుడూ ఆయనేనని గుర్తున్నవారు తక్కువ.

ఆ ఉద్యమం పూర్తిగా వృథా పోలేదు. 1907లో ప్రభుత్వం నల్లమందు మీద విచారణ సంఘాన్ని నియమించింది. సంఘం మరుసటి ఏడు నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక ఫలితంగా గుత్తలు రద్దయ్యాయి. కాని నల్లమందు రద్దు కాలేదు. 1910 నుంచి ప్రభుత్వమే చందూ తయారుచేసి అమ్మసాగింది. మధ్యవర్తి తప్పుకున్నాడు, లాభమంతా నేరుగా ఖజానాకు చేరింది. అంతర్జాతీయంగా ఒత్తిడి పెరిగిన కొద్దీ, ఏదో ఒక రోజు ఈ రాబడి పోక తప్పదని గ్రహించి, 1925లో దాని లోటు పూడ్చడానికి ప్రత్యేకనిధి ఏర్పాటు చేశారు. బానిసైనవారి చికిత్స కన్నా ముందుగా ఖజానా చికిత్సకు నిధి సమకూడింది! చివరకు 1943 నవంబరులో, మలయా జపాను ఆక్రమణలో ఉన్న సమయంలో, తిరిగి వచ్చాక నల్లమందు పొగతాగడాన్ని పూర్తిగా నిషేధిస్తామని బ్రిటిష్ ప్రభుత్వం లండన్‌లో ప్రకటించింది. చేతిలో లేని రాజ్యపు రాబడిని వదులుకోవడం సులభమే కదా.

కల్లుదుకాణం

ఇక మనవాళ్ల కథ. రబ్బరు తోటల కోసం మలయా చేరిన దక్షిణ భారతీయుల్లో అత్యధికులు తమిళులు. తెలుగువారు అల్పసంఖ్యాకులు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి ప్రాంతం నుంచి, మద్రాసుకు ఎగువ జిల్లాల నుంచి వచ్చి రబ్బరు, కొబ్బరి తోటల్లో కుదురుకున్నారు. పేరాక్ రాష్ట్రపు దక్షిణభాగంలో, బాగన్ దాతో కొబ్బరి తోటల చుట్టూ తెలుగు కుటుంబాలు గుంపుగా నిలిచాయి. 1955లో ‘మలయా ఆంధ్ర సంఘం’గా మొదలై నేడు మలేషియా తెలుగు సంఘంగా నడుస్తున్న సంస్థ వెనుక ఈ తోటల మనుషులే ఉన్నారు. పాత పత్రాల్లో వీరు తరచుగా ‘తమిళ కూలీలు’ అన్న మాటలో కలిసిపోయి కనిపిస్తారు. కనుక కల్లు విషయంలో తెలుగు కూలీ అనుభవాన్ని విడిగా చెప్పడం కష్టం. ఒకే లైన్లలో ఉండి, ఒకే దొర కింద పనిచేసి, ఒకే దుకాణంలో తాగినవారి చరిత్ర కలిసే ఉంటుంది.

కల్లు మనకు కొత్తదేమీ కాదు. తాటిచెట్టుకో ఈతచెట్టుకో లొట్టి కట్టి, పొద్దున్నే దించిన కల్లు తాగడం పల్లెల్లో తరతరాలుగా ఉన్నదే. అయితే పల్లెలో దానికి కాలం ఉండేది, కట్టుబాటు ఉండేది, గీసేవాడు ఎరిగినవాడు. మలయా తోటలో ఆ కట్టుబాట్లు లేవు. కొబ్బరి పూగెల నుంచి దించిన తీపినీరు ఆ ఉష్ణానికి గంటల్లోనే పులిసిపోతుంది. తోటలోనే, కూలీ లైన్లకు దగ్గరలోనే దుకాణం. దానికి ప్రభుత్వపు అనుమతి, తోట యాజమాన్యపు పర్యవేక్షణ. పని ముగించుకుని వచ్చిన మనిషికి వెళ్లడానికి మరో చోటు లేదు. బజారు మైళ్ల దూరం, చదువు లేదు, చాలామందికి తొలిరోజుల్లో కుటుంబమూ లేదు.

ఈ ఏర్పాటుకు యాజమాన్యం చెప్పిన సమర్థన ఏమిటంటే, కల్లు దొరకకపోతే కూలీలు దొంగచాటు ‘సంసు’ తాగి చస్తారని. సంసు అంటే నాటు పద్ధతిలో బట్టీపెట్టిన సారా. ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. 5, 6 శాతం ఆల్కహాలు ఉండే కల్లుకు, అంతకు ఎన్నో రెట్లు ఘాటైన సారాకు తేడా ఉంది. కాని ఆ వాదనే తోటలో దుకాణం పెట్టడానికి, దాన్ని మూసేయమన్న కోరికను తోసిపుచ్చడానికి కూడా పనికివచ్చింది. కల్లు అమ్మకపు లాభంలో కొంత కూలీల సంక్షేమానికే ఖర్చు చేస్తున్నామని చెప్పుకోవడం మరో ఏర్పాటు. తండ్రి తాగిన కల్లు లాభంతో కొడుకుకు పలక కొనిపెట్టడం సంక్షేమమైతే, పలక చాలని ఇంటికి కారణం ఎవరన్నది అడగాల్సిన ప్రశ్న.

1920ల చివర మగకూలీ రోజు జీతం 50 సెంట్లు, ఆడకూలీకి 40. 1930 తరవాత ప్రపంచమాంద్యంలో రబ్బరు ధర కూలిపోయినప్పుడు ఆ కూడా కోసేశారు. ఆ జీతంలోంచి కల్లుకు పోయిన ప్రతి సెంటూ బియ్యంలోంచి, పిల్లల పాలలోంచి తగ్గింది. దీని భారాన్ని మోసింది ఎక్కువగా ఆడవారే. తెల్లవారుజామున రబ్బరు చెట్టుకు గాటు పెట్టడానికి భర్తతో పాటు వెళ్లి, తిరిగివచ్చి వంట చేసి, సాయంత్రం తాగివచ్చినవాడి చేతి దెబ్బలూ తిన్నవారి మాట ఏ ప్రభుత్వ నివేదికలోనూ సరిగా వినిపించదు.

దుకాణం మూసేయమన్నవారు

కూలీలకు తాగుడు స్వభావసిద్ధమని దొరలు రాసుకున్నారు. కూలీలు మాత్రం వేరేగా చెప్పారు. 1941లో సెలంగోర్ రాష్ట్రంలోని క్లాంగ్ ప్రాంతపు తోటల్లో సమ్మె మొదలైంది. దానికి నాయకత్వం వహించినవారిలో ముఖ్యుడు పత్రికారంగానికి చెందిన ఆర్. హెచ్. నాథన్. కోరికల జాబితాలో చైనీయ కూలీలతో సమానమైన జీతం, పిల్లలకు చదువు, సరైన వైద్యం, ఆడవారి జోలికి వచ్చే అధికారుల తొలగింపు, దొర ఎదురైతే సైకిలు దిగాలన్న నియమం రద్దు ఉన్నాయి. వాటితోపాటు ఇంకొకటి ఉంది: తోటల్లోని కల్లుదుకాణాలు మూసేయాలి.

ఈ కోరిక ఆ జాబితాలో ఉండడం నాకు గొప్ప విషయంగా తోచింది. సైకిలు దిగనక్కరలేని మనిషికి, అంటే తన పరువు తనకు తెలిసిన మనిషికి, కల్లుదుకాణం వద్దనిపించింది. జీతం, చదువు, వైద్యం, గౌరవం, మత్తునుంచి విముక్తి అన్నవి ఒకే జబ్బుకు రాసిన ఒకే చీటీలోని మందులని ఆ కూలీలు గ్రహించారు. ప్రభుత్వం జవాబు మరోలా ఇచ్చింది. మే నెలలో నాథన్‌ను నిర్బంధించి దేశం నుంచి పంపించివేశారు. అలజడి పెరిగితే సైన్యాన్ని దించారు. కాల్పుల్లో కూలీలు ప్రాణాలు కోల్పోయారు.

యుద్ధం ముగిశాక కెడా రాష్ట్రంలో ఇదే ఉద్యమం మరో రూపంలో లేచింది. బెడోంగ్ దగ్గరి హార్వర్డ్ తోటలో ఎ. ఎమ్. సామి నాయకత్వాన ‘తొండర్ పడై’ అనే స్వచ్ఛందసేవకుల దళం ఏర్పడింది. ఆ దళంవారు కవాతు చేసేవారు, తాగుడు మానమని ఇంటింటికీ తిరిగి చెప్పేవారు, కల్లుదుకాణాల ముందు నిలబడి లోపలికి వెళ్లేవారిని ఆపేవారు. 1947 ఫిబ్రవరి చివరలో, మార్చి మొదట్లో బెడోంగ్‌లోనూ హార్వర్డ్ తోటలోనూ పోలీసులు వారి మీద విరుచుకుపడ్డారు. ఒక కూలీ మరణించాడు, అనేకులు జైలుపాలయ్యారు. తాగమని ప్రోత్సహించినందుకు కాదు, తాగవద్దన్నందుకు మనుషులు జైలుకు వెళ్లిన చరిత్ర ఇది.

స్వాతంత్య్రం తరవాత

1957లో మలయా స్వతంత్రమైంది. నల్లమందు పొగ తగ్గిపోయింది. 1970లలో దాని స్థానంలో హెరాయిన్ వచ్చింది. బర్మా, థాయ్‌లాండ్, లావోస్ సరిహద్దుల్లోని గసగసాల పొలాలకు మలేషియా దగ్గర దారి. రాజ్యం ఈసారి పూర్తిగా ఎదురు దిక్కుకు తిరిగింది. 1952 నాటి ప్రమాదకర మాదకద్రవ్యాల చట్టంలో రవాణా నేరానికి 1975లో మరణశిక్ష చేర్చారు, 1983లో దాన్ని తప్పనిసరి చేశారు. 15 గ్రాముల హెరాయిన్ పట్టుబడితే చాలు, రవాణాదారుగా భావించడానికి. అదే 1983లో ప్రధాని మహాథిర్ మాదకద్రవ్యాలను దేశభద్రతకు ముప్పుగా ప్రకటించారు. వాడేవారిని నిర్బంధ పునరావాస కేంద్రాల్లో రెండేళ్లపాటు ఉంచే చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది.

ఫలితం? సూది పంచుకునే అలవాటు వల్ల హెచ్‌ఐవి వ్యాపించింది. 2002లో ఒక్క ఏడాదిలో సుమారు 7 వేల కొత్త కేసులు నమోదయ్యాయి. వాటిలో అత్యధికం సూదిమందు వాడేవారివే. అప్పుడు కాని రాజ్యం వైద్యుల మాట వినలేదు. 2005లో మెథడోన్ చికిత్స, 2006లో శుభ్రమైన సూదుల పంపిణీ మొదలయ్యాయి. మెథడోన్ నోటిద్వారా రోజుకొకసారి ఇచ్చే మందు. అది మత్తెక్కించకుండానే మానేసిన బాధను అణచి, మనిషిని ఉద్యోగానికీ ఇంటికీ తిరిగి పంపుతుంది. పదేళ్లు తిరిగేసరికి ఏటా నమోదయ్యే కొత్త కేసులు సగానికి తగ్గాయి. సూది ద్వారా సోకే వాటా స్వల్పమైంది. ఉరితాడు సాధించలేనిది ఒక చిన్న ద్రవపు సీసా సాధించింది. 2023లో మలేషియా తప్పనిసరి మరణశిక్షను రద్దు చేసి, శిక్షను నిర్ణయించే విచక్షణను న్యాయమూర్తులకు తిరిగి ఇచ్చింది.

నేటి సమస్య హెరాయిన్ కన్నా మెథాంఫెటమైన్. ఇక్కడి వీధిభాషలో ‘స్యాబు’. దీనికి మెథడోన్ వంటి ప్రత్యామ్నాయ ఔషధం లేదు. గుండె లయ తప్పించి, రక్తపోటు పెంచి, రాత్రులు నిద్ర చెడగొట్టి, ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమలో మనిషిని పడేసే పదార్థమది. వరుస షిఫ్టులు చేసే లారీ డ్రైవర్లు, పడవల మీద చేపలు పట్టేవారు మెలకువగా ఉండడానికి మొదలుపెడతారు. తగరపు గనిలో నల్లమందులాగే, ఇదీ పని కోసమే ఆరంభమవుతుంది.

తోటల్లో ఒకనాడు భయపెట్టిన సంసు కూడా పోలేదు. చిన్న చిన్న సీసాల్లో చౌకగా దొరుకుతూనే ఉంది. పెనాంగ్ వినియోగదారుల సంఘం ఎన్నో ఏళ్లుగా దానికి వ్యతిరేకంగా పోరాడుతోంది. 2018 సెప్టెంబరులో కల్తీ మద్యం తాగి సెలంగోర్, కౌలాలంపూర్ పరిసరాల్లో పదులకొద్దీ జనం చనిపోయారు. వారిలో ఎక్కువమంది నేపాల్, బంగ్లాదేశ్, మయన్మార్, భారతదేశం నుంచి వచ్చిన కార్మికులు. కారణం మిథనాల్. ఈ ఒక్క విషయం పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. మిథనాల్ తాగినవాడు మొదట మామూలుగా మత్తులోనే ఉన్నట్టు కనిపిస్తాడు. 12 నుంచి 24 గంటల తరవాత అది శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, కళ్లముందు మంచు కమ్మినట్టు మసక మొదలవుతాయి. చూపునరం దెబ్బతింటే శాశ్వతంగా గుడ్డితనం. సమయానికి ఆసుపత్రికి చేర్చితే విరుగుడు మందుతో, రక్తశుద్ధితో బతికించవచ్చు. ‘తాగింది దిగాక అదే తగ్గుతుంది’ అని పడుకోబెట్టడమే ప్రాణాంతకం.

మన దేశపు పోలిక

మలయా కథ చదువుతున్నంతసేపూ నాకు నెల్లూరు జిల్లా దూబగుంట జ్ఞాపకం వస్తూనే ఉంది. 1980లలో మన రాష్ట్రప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరిట సారాను ప్యాకెట్లలో పల్లెపల్లెకూ చేర్చింది. ఖజానాకు వందల కోట్ల రాబడి. 1990 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమం కింద రాత్రిబడికి వచ్చిన ఆడవారు వాచకంలో ఒక పాఠం చదివి, తమ ఊరి సారాదుకాణం ముందుకు వెళ్లి నిలబడ్డారు. దూబగుంట రోసమ్మ పేరు రాష్ట్రమంతటా మారుమోగింది. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. కారణాలుగా దొంగసారా, అక్రమ రవాణాలతో పాటు ఖజానా లోటు కూడా చెప్పారు. 1925లో సింగపూర్‌లో లెక్కవేసిన లోటూ ఇటువంటిదే.

హార్వర్డ్ తోట సేవాదళానికీ దూబగుంట ఆడవారికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసే అవకాశం లేదు. మధ్యన ఒక సముద్రం, 45 ఏళ్ల కాలం. అయినా ఇద్దరూ ఒకే పని చేశారు. తాగేవాణ్ణి తిట్టడం మాని, దుకాణం తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆసుపత్రి వార్డుల్లో తరచు నా చెవిన పడే మాట ఒకటుంది: ‘తాగుడు వీళ్ల రక్తంలోనే ఉంది.’ పచ్చకామెర్లతో పొట్ట ఉబ్బిన తోటకూలీ మనవణ్ణి చూసి చదువుకున్న భారతీయులే ఆ మాట అంటారు. రక్తంలో ఉండేది ఆల్కహాలు. ఎంత ఉందో పరీక్షలో తేలుతుంది. అది ఆ రక్తంలోకి ఎలా చేరిందన్నది మాత్రం చరిత్ర చెప్పాలి. తాత జీతంలోంచి కోసుకున్న సెంట్లు, తోట అంచున అనుమతితో వెలిసిన దుకాణం, మూసేయమన్నవాడి మీద పడిన లాఠీ, తోటలు అమ్ముడుపోయాక పట్టణపు మురికివాడలో చెల్లాచెదురైన కుటుంబం. ఇవన్నీ ఆ రోగి చీటీలో రాయవలసిన పూర్వవృత్తాంతమే. ఆ మాటకు విరుగుడుగా నేను ఈ మూడు పుస్తకాలను సూచిస్తాను.

మనిషికి బాధ్యత లేదని నా భావం కాదు. మానాలన్న సంకల్పం రోగిదే, దానికి సాటి లేదు. కాని ఆ సంకల్పం నిలబడడానికి ఒక చోటు కావాలి. చేతికందే దూరంలో చికిత్స, తలెత్తుకు తిరగగల పని, తిరిగివస్తే తలుపు తీసే ఇల్లు కావాలి. తాగుడు అకస్మాత్తుగా మానినవాడికి రెండు మూడు రోజుల్లో వణుకు, మూర్ఛ, మతిభ్రమణం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అటువంటివారిని గదిలో పెట్టి తాళం వేయకుండా వైద్యుడి దగ్గరికి తీసుకురావాలి. ఇది జబ్బు అని కుటుంబం ఒప్పుకున్ననాడే సగం వైద్యం మొదలవుతుంది.

ట్రాకీ గ్రంథం పరిశోధకులకు రాసినది, నిదానంగా చదవాలి. సంధు గ్రంథంలో అంకెలు ఎక్కువ, ఓపిక కావాలి. వూ ఆత్మకథ లావుపాటిదే అయినా హాయిగా సాగుతుంది. మలేషియాలో ఉన్న తెలుగువారు, ముఖ్యంగా ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు, ఒక్కటే చదవగలిగితే వూ పుస్తకంతో మొదలుపెట్టమంటాను. మాదకద్రవ్యాల వ్యతిరేక సభల్లో మాట్లాడేవారు మాత్రం మూడూ చదవాలి. తాగేవాడి పేరుతో పాటు అమ్మేవాడి లెక్కలూ ఆ సభల్లో వినిపించే రోజు రావాలి.